ఒక సూత్ తక్కువ

ఎర్రగడ్డ ఆదివారం అంగడిల
ఎనిమిది వందలకు బేరమాడి తెచ్చిన డ్రిల్లు ఇది.
వైరుకు రెండు చోట్ల నల్ల టేపు.
స్విచ్చు నొక్కితే ముందు దగ్గుతది,
తర్వాత తిరుగుతది.
మెట్ల కింద కూలరును బోర్లేసి
దాని ముందు పీటేసుకొని కూసున్న.

అడుగు రేకు తుప్పు తిన్నది.
పోసిన నీళ్లల్ల సగం గచ్చే తాగుతున్నది.
కొత్త రేకు ఎక్కాలంటే పాతది దిగాలె,
పాతది దిగాలంటే ఇరవై రెండు రివిట్లు.

జాకెట్లు కుట్టేదాన్ని నేను.
చిలకలగూడల ముప్పై ఏండ్ల సంది
కుట్టిన దాని కంటె విప్పిందే ఎక్కువ.
విప్పుడంటే తెంపుడు కాదు.
దారం ఏ కొసకెళ్లి మొదలైందో చూడాలె,
బట్టకు నొప్పి తెలియకుండ గుంజాలె.
రివిటుకు కొస ఉండదు.
రెండు దిక్కుల ముడేసిన ఒకే ఒక్క కుట్టు అది,
ఒక ముడి అరగదీస్తె గాని కదలదు.

రాణిగంజ్‌ల బిట్లమ్మే పిలగాడు చెప్పిండు:
"తల నడిమిట్ల పంచు పెట్టి ఒక్క దెబ్బ కొట్టమ్మా,
గుంట పడకుంటె బిట్టు జారి
రేకంత పిచ్చిగీతలు గీస్తది.
తల మందం వరకే తొలువు.
నూనె చుక్క మర్వకు."

అయినా మొదటిది ఖరాబు చేసిన.
ఆత్రానికి ఒత్తిన, బిట్టు మొన నీలమెక్కింది,
మాడిన పోపు వాసన,
గుండ్రంగ ఉండాల్సిన తూటు నెలవంకైంది.
రెండోది బిట్టుతోటే గిరగిర తిరిగింది,
ఎంతసేపు తొలిచినా అంతసేపూ తిరిగింది
పెండ్లిల పిలగాని లెక్క.
వెనక తోకను పట్కారుతోటి పట్టుకుంటె
అప్పుడు గమ్మునైంది.
ఐదోదానికి గాని చేతికి సమజ్ కాలే:
ఒత్తుడు తగ్గియ్యాలె, ఆగాగి తొలవాలె,
పొట్టు ఉంగరాలు ఉంగరాలుగ లేవాలె.
అప్పుడు తల దానంతటదే ఊడొచ్చి
బిట్టుకు మెట్టె తొడిగినట్టు కూసుంది.
మిగిలిన తోకను మేకుతోటి తడితే
టిక్కుమని అవతల పడ్డది.

మూడో అంతస్తు విఠోబా సారు
నిద్ర చెడిందని కొట్లాటకు దిగొచ్చిండు.
ఆరోది ఊడేదాక చూస్కుంట నిలబడ్డడు.
పదోదానికి టార్చి పట్టిండు.

తీస్తుంటె, తీస్తుంటె,
ఇది చేసినాయన కనబడుడు షురువైంది.
ఎడమ దిక్కు వరుస దారం పట్టినట్టున్నది.
కుడి మూల కాడ మాత్రం
జానెడు లోపలనే ఐదు రివిట్లు, ఒకదాన్నొకటి తోసుకుంట.
ఆడ ఆయనకు రేకు మిగిలింది.
నొక్కిండు, కొట్టిండు, మల్ల కొట్టి ఒదిగిచ్చిండు.
చంక కాడ చెయ్యి గుడ్డ మిగిలితే
సన్నసన్నగ పోగేసి నేను దాచేది గట్లనే.

ఆఖరిది పడ్డంక రేకు కిర్రుమని లేచింది.
లోపలి దిక్కు, తుప్పు చేరని జాగల
పెన్సిలు రాత. అంకెలే, గని నాకు రాని అంకెలు.
ఎదురింటి షాహీన్ ఆపాను పిలిచిన.
పిండి చేతులతోనే వచ్చి, వంగి,
తల వెనకకు జరిపి చదివింది:
"సాడే అఠారా. ఏక్ సూత్ కమ్."

పద్దెనిమిదిన్నరకు ఒక సూత్ తక్కువ.
నా మెడల టేపే తీసి కొలిచిన.
రేకు పద్దెనిమిదిన్నర నిండుగ ఉన్నది.
రాసుకున్నడు. కోసేటప్పుడు మర్చిండు.
ఏ షెడ్డుల, ఏ ఎండల, ఎవరు పిలిస్తె తలెత్తిండో.
ఆపా నవ్వింది. సారు నవ్విండు.
నేను నా గిరాకీలను తలుచుకొని నవ్వలే.

కొత్త రేకు సూత్ తగ్గిచ్చే కోసిన,
ఆయన మర్చింది నేను మర్వద్దని.
కూసోబెడితే కుడి మూలకు గోరు పట్టేంత సందు.
ఇన్ని ఎండాకాలాలు ఆ తప్పును మోసి మోసి
పెట్టె ఒళ్లే తప్పు కొలతకు సాగింది.
సరైన కొలత ఇప్పుడు దానికి పొట్టి.

సందుకు రబ్బరు ముక్క దోపి
రివిటు గన్ను పిండిన. టక్.
సారు టార్చి ఆర్పి పైకి పోయిండు.

తెల్లారి నీళ్లు పోసిన.
చల్లగాలి వచ్చింది.
కుడి మూలకెళ్లి ఒక చుక్క.
చానసేపటికి ఇంకోటి.
కింద చాయ్ గిన్నె పెట్టి
మిషను మీద కూసున్న.